యానాం స్టేషనుకు సరిహద్దు కాగితం ఒకటి రాసివ్వండి

పుదుచ్చేరి హోం శాఖ కార్యదర్శి గారికి, డైరెక్టర్ జనరల్ ఆఫ్ పోలీస్ గారికి

ఆర్యా,

యానాం నడిబొడ్డు నుంచి ఎటు బయల్దేరినా కాసేపట్లో ఆంధ్రప్రదేశ్‌లో తేలతాం. కాకినాడ వైపు వెళ్తే తాళ్లరేవు మండలం. బాలయోగి వారధి ఎక్కి గోదావరి పాయ గౌతమి దాటితే ఎదుర్లంక, ఆపైన మురమళ్ల. మధ్యలో మిగిలిన 30 చదరపు కిలోమీటర్ల నేల, 2011 లెక్కల ప్రకారం 55,626 మంది జనం మీ బాధ్యత. ఇక్కడి పోలీసుకు జీతం, బదిలీ, మెమో 800 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని పుదుచ్చేరి నుంచి వస్తాయి. కేసుల దారి వేరు. యానాంలో ఎత్తుకెళ్లిన బండి పది నిమిషాల్లో వారధి దాటేస్తుంది. కత్తిపోటు తిన్న మనిషిని కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకుపోతారు. ఏట్లో మునిగినవాడి శవం ఏ ఒడ్డుకు చేరుతుందన్నది పోటు పాట్ల దయ.

మేము అడిగేది ఒకటే. యానాం, కాకినాడ, కోనసీమ పోలీసులు ముగ్గురూ సంతకాలు పెట్టిన ఉమ్మడి కార్యపద్ధతి కావాలి. పది పేజీలు చాలు. ఏ సందర్భంలో ఎవరు ఎవరికి, ఎంతసేపట్లో, ఏ నంబరుకు చెప్పాలో అందులో ఉండాలి. అది మూడు వైపులా స్టేషను రైటరు బల్ల మీద ఉండాలి, జనానికీ చదువుకోను దొరకాలి. పరిచయాల మీద నడిచే పని అధికారి మారిన రోజున ఆగిపోతుంది.

అసలు ఈ ఊరి పోలీసు పుట్టిందే సరిహద్దు పంచాయితీలోంచి. 1814 మే 30న కుదిరిన పారిస్ సంధి 12వ అధికరణ ప్రకారం ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లకు వాళ్ల స్థావరాలు తిరిగిచ్చారు గానీ రెండు షరతులు పెట్టారు. కోటలు కట్టకూడదు. పోలీసు పనికి ఎంతమంది కావాలో అంతకు మించి సిపాయిలను ఉంచకూడదు. అంటే ఆనాటి నుంచి యానాంలో తుపాకీ పట్టినవాడు ఎవరైనా, కాగితం మీద పోలీసే. ఆ కాలపు గుర్తుగా ఎర్ర కెపి టోపీ ఇప్పటికీ మీ కానిస్టేబుళ్ల నెత్తిన ఉంది. చూడముచ్చటగానే ఉంటుంది. వైశాఖంలో యానాం కూడలిలో నాలుగు గంటలు దాన్ని పెట్టుకుని నిలబడేవాడి మాట వేరు.

సరిహద్దును వాడుకోవడం జనానికి కొత్తగా ఎవరూ నేర్పలేదు. 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమల్లోకి వచ్చింది. 14 ఏళ్లు నిండని పిల్లకు పెళ్లి చేస్తే శిక్ష. ఫ్రెంచి గడ్డ మీద ఆ చట్టం లేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెళ్లి బృందాలను యానాం తెచ్చి మూడు ముళ్లు వేయించి వెనక్కి తీసుకుపోయారు. ఊరికి కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. తర్వాత సరుకుల వంతు. బ్రిటిష్, ఫ్రెంచి ఇండియాల మధ్య 1941లో కుదిరిన సుంకాల ఒప్పందం 1949లో రద్దయింది. దాంతో నిన్నటిదాకా పొలం గట్టుగా ఉన్నది కస్టమ్స్ గీత అయింది. ఇవాళ ఆ గీత మీద నడిచేది మద్యం ధరల తేడా, సంక్రాంతికి కోడిపందేల బరులు. ఒక పక్క దాడి జరిగితే ఇంకో పక్కకు జారుకోవడానికి పందెగాడికి చట్టం తెలియనక్కర్లేదు, దారి తెలిస్తే చాలు.

1954 జూన్ 13న యానాం ఫ్రెంచి చేతిలోంచి జారింది. ఆ ఉద్యమానికి ముందు నిలిచిన దడాల రఫాయేల్ రమణయ్య అంతకుముందు ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసిన మనిషే. ఆ ఏడు నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది. ఇండియన్ పీనల్ కోడ్ ఇక్కడికి వచ్చింది ఇంకా తర్వాత, 1963 అక్టోబరు 1న. దాదాపు తొమ్మిదేళ్లు భారత పాలనలో ఫ్రెంచి శిక్షాస్మృతి నడిచిందన్నమాట. ఏటికి అవతల ఒక చట్టం, ఇవతల ఇంకో చట్టం. ఇప్పుడు ఆ చిక్కు లేదు. 2024 జులై 1 నుంచి రెండు వైపులా నేరాలకూ శిక్షలకూ అదే భారతీయ న్యాయ సంహిత, పోలీసు, కోర్టు పద్ధతులకు అదే నాగరిక్ సురక్షా సంహిత. చట్టం ఒకటైంది కదా అని పని ఒకటి కాలేదు.

అరెస్టులతో మొదలుపెడదాం. వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ మనిషిని దేశంలో ఎక్కడికైనా వెంటాడి పట్టుకోవచ్చని సురక్షా సంహిత 45వ సెక్షను చెబుతోంది. యానాం పోలీసు ఎదుర్లంక వైపు దిగి ఆగిపోవాల్సిన పని లేదు, కోరంగి పోలీసు యానాం పొలిమేరలో జీపు ఆపాల్సిన పనీ లేదు. అవతలి స్టేషనుకు వెంటనే కబురు చెప్పాలి, అంతే. తెచ్చినవాణ్ని 58వ సెక్షను ప్రకారం ప్రయాణం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. మేజిస్ట్రేటు కోర్టు యానాంలోనే ఉండగా, గంట దూరంలో పట్టుకున్నవాడికి కాకినాడలో ట్రాన్సిట్ రిమాండ్ (వేరే చోటికి తీసుకుపోవడానికి అక్కడి మేజిస్ట్రేటు ఇచ్చే అనుమతి) తీసుకోవాలని కూర్చోవడం దండగ. సగం రోజు పోతుంది. ఆ సగం రోజులో సొత్తు చేతులు మారుతుంది.

వారంటు మీద చేసే అరెస్టుకు లెక్క వేరు, ఇక్కడే ఎక్కువ తికమక. అదే సంహిత 82వ సెక్షను ప్రకారం, వారంటు ఇచ్చిన కోర్టు అరెస్టు చేసిన చోటికి 30 కిలోమీటర్ల లోపు ఉంటే, దొరికినవాణ్ని అక్కడి అధికారుల ముందుకు తీసుకెళ్లకుండా నేరుగా ఆ కోర్టుకే తేవచ్చు. 30 కిలోమీటర్లు అంటే రోడ్డు మీదా, గీత గీసా? 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 11వ సెక్షను జవాబు ఇచ్చేసింది. దూరాన్ని తిన్నటి గీత మీద కొలవాలి. పటం మీద యానాం కోర్టు దగ్గర వృత్తలేఖిని ముల్లు గుచ్చి 30 కిలోమీటర్ల గుండ్రం గీస్తే రామచంద్రపురం, అమలాపురం లోపల పడతాయి. కాకినాడలో జగన్నాథపురం వైపు లోపలే. సర్పవరం దాకా పోతే గీత మీదికి వస్తాం. మండపేట బయట. ఆ పటం అచ్చువేసి మూడు జిల్లాల స్టేషన్లలో గోడకు అంటించండి. ఇంకో సంగతి కూడా దాని కిందే రాయించండి. 81వ సెక్షను ప్రకారం బయట వారంటు అమలు చేసేటప్పుడు అక్కడి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ స్టేషను అధికారి గానీ అమలుకు అనుమతిగా దాని మీద ఎండార్స్‌మెంట్ రాయాలి. అది రాయించేలోపు మనిషి తప్పించుకుంటాడనుకుంటే రాయించకుండానే పట్టుకోవచ్చు.

సోదాలకు 186వ సెక్షను. అవతలి స్టేషను అధికారినే సోదా చేయమని అడగవచ్చు. ఆలస్యమైతే సాక్ష్యం మాయమవుతుందనుకుంటే తానే వెళ్లి చేయవచ్చు. కాకపోతే ఆ స్టేషనుకు వెంటనే నోటీసు, దానితో దొరికిన వస్తువుల జాబితా నకలు పంపాలి. 105వ సెక్షను ప్రకారం సోదా మొత్తం ఆడియో, వీడియో తీయాలి. జాబితా పంపడం మరిచిపోవడం, వీడియో తలుపు పగలగొట్టాక మొదలుపెట్టడం, ఈ రెండింటినే డిఫెన్సు లాయరు కోర్టులో పట్టుకుని లాగుతాడు. బయట నిలబడి స్టేషను పేరు, తేదీ, టైము, సాక్షుల పేర్లు చెప్పి, ఆ తర్వాత లోపలికి అడుగుపెట్టాలి. ఫోను ఎవరిదైతే వాళ్ల పేరూ జాబితాలో ఎక్కాలి.

ఇక ఏరు. కార్యపద్ధతిలో ఎక్కువ పేజీలు దీనికే పోవాలి.

గౌతమి మధ్యలో గీత ఎవరికీ కనపడదు. పాటు వేళ ఇసుక మేట మీద శవం కనిపిస్తుంది. రెండు ఒడ్లకూ కబురు వెళ్తుంది. ఇటువాళ్లు అటు వైపు అంటారు, అటువాళ్లు ఇటు వైపు అంటారు. పోటు ఎక్కాక శవం మళ్లీ కదులుతుంది, ఎవరో ఒకరు గెడ కర్రతో కొంచెం తోస్తే సమస్య అవతలి ఒడ్డుది అవుతుంది. రెండో రోజుకు ముఖం గుర్తుపట్టే వీలుండదు. ఒక రాష్ట్రంలో తప్పిపోయాడన్న కేసు, ఇంకో రాష్ట్రంలో గుర్తు తెలియని శవం కేసు, ఈ రెండూ ఒకే మనిషివని తేలడానికి నెలలు పడుతుంది.

దీనికి మందు కష్టమేమీ కాదు. కబురు ఎవరికి ముందు అందితే శవ పంచనామా వాళ్లదే అని రాసుకోండి. హద్దు పంచాయితీ తర్వాత తేల్చుకోవచ్చు, ఫైలును బదిలీ చేయవచ్చు. 194వ సెక్షను ప్రకారం స్టేషను అధికారి దగ్గరలోని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలిపి, ఇద్దరికి తగ్గకుండా స్థానికుల ఎదుట పంచనామా చేయాలి, నివేదికను 24 గంటల్లో పంపాలి. వెళ్లేటప్పుడు పడవలో ఏమేం ఉండాలో కూడా రాయండి: తాడు, లంగరు, టార్పాలిన్, ఫోటోలో పెట్టడానికి స్కేలు, మూత బిగుతుగా ఉండే శుభ్రమైన సీసా, లక్క. శవాన్ని కదిపేముందు అది ఉన్న చోటనే ఫోనులో అక్షాంశ రేఖాంశాలు తీయాలి. టైముతో పాటు అప్పుడు పోటా పాటా అన్నది పంచనామాలో ఎక్కించాలి. మనిషి ఎక్కడ నీళ్లలో పడ్డాడో లెక్కగట్టడానికి తర్వాత అదే ఆధారం. బట్టల మీది దర్జీ లేబులు, పచ్చబొట్లు, మొలతాడు, మెట్టెలు, కుట్టిన గాయాల మచ్చలు విడివిడిగా ఫోటో తీయాలి. అదే చోట ఏటి నీరు ఒక లీటరు పట్టి సీలు వేయాలి. నీళ్లలో బతికుండగా పడ్డాడా, చనిపోయాక పడేశారా అన్నదానికి డయాటమ్ (నీటిలోని కంటికి కనపడని నాచు) పరీక్ష చేయాలంటే ఎముక మజ్జను ఆ నీటితో పోల్చి చూడాలి. సీసా నీళ్లు మరిచిపోయి మరునాడు రేవు దగ్గర పట్టి పంపితే ఆ పరీక్షకు విలువ లేదు. రేవు దగ్గరి నీరు వేరు, మేట దగ్గరి నీరు వేరు. డీఎన్‌ఏకు దవడ పన్నో, తొడ ఎముక ముక్కో డాక్టరు దాచాలని పోస్టుమార్టం అభ్యర్థనలోనే రాయాలి. ఖననం అయ్యాక గుర్తొస్తే మళ్లీ తవ్వాల్సిందే.

ఆసుపత్రి గొడవ ఇంతకన్నా తరచూ వచ్చేది. యానాంలో తగాదా, గాయం పెద్దది, మనిషిని కాకినాడ తీసుకెళ్తారు. అక్కడ డాక్టరు పోలీసుకు కబురుగా రాసే మెడికో లీగల్ ఇంటిమేషన్ ఆసుపత్రి ఔట్‌పోస్టుకు వెళ్తుంది. ఔట్‌పోస్టు ఆంధ్ర పోలీసుది. వేరే రాష్ట్రం సంగతి గనక అది కాగితంగా మారి, కవరులో పడి, ఒక పై అధికారి దగ్గరి నుంచి ఇంకో పై అధికారి దగ్గరికి తిరిగితే, యానాంలో నెత్తురు కడిగేసిన నేల మీద ఆధారాలు వెతకాల్సి వస్తుంది. 173వ సెక్షను ఎక్కడ నేరం జరిగినా ఏ స్టేషనైనా ఫిర్యాదు తీసుకోవాలంటోంది. ఔట్‌పోస్టు మాట తీసుకుని జీరో ఎఫ్‌ఐఆర్ కట్టించవచ్చు. కార్యపద్ధతిలో రాయాల్సింది ఇది: ఇంటిమేషన్ అందిన గంటలోపు యానాం స్టేషనుకు ఫోను, ఆ వెంటనే ఈమెయిల్. యానాం స్టేషను జనరల్ డైరీలో ఆ ఫోను వచ్చిన టైము ఎక్కాలి. అక్కడి నుంచి ఒక ఏఎస్ఐ గానీ ఆపై అధికారి గానీ బయల్దేరాలి. ప్రాణాపాయం ఉందని డాక్టరు అంటే మరణ వాంగ్మూలం కోసం అభ్యర్థన నేరుగా కాకినాడ మేజిస్ట్రేటుకు వెళ్లాలి, యానాం పోలీసు వచ్చేదాకా ఆగకూడదు. గాయపడ్డవాడి బట్టలు నర్సు మూటగట్టి బంధువుల చేతికి ఇచ్చేస్తుంది. వాటిని ఔట్‌పోస్టు స్వాధీనం చేసుకుని, ఆరబెట్టి, కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ కవరులో తడిగా కట్టేస్తే బూజు పట్టి నెత్తుటి నమూనా పాడవుతుంది.

ఫోను సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కాదు. టెలికాం లెక్కలో యానాం ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో ఉంది. ల్యాండ్‌లైను కోడు కూడా కాకినాడదే, 0884. 112 కొట్టినవాడి ఫోను ఏ ఒడ్డు టవరు పట్టుకుంటే దాన్నిబట్టి కాల్ పోతుంది. అది ఎక్కడ పడితే అక్కడివాళ్లకు ఫరంపేట ఎక్కడుందో తెలియాలి, తెలుగు అర్థం కావాలి, యానాం స్టేషను నంబరు తెర మీద ఉండాలి. ఊహాగానాలు వద్దు, పరీక్ష పెట్టండి. యానాం బస్టాండు, దరియాలతిప్ప, ఫరంపేట, కనకాలపేట, వారధి నడుమ, ఈ అయిదు చోట్ల నాలుగు కంపెనీల సిమ్ములతో పొద్దున, సాయంత్రం, అర్ధరాత్రి ఒక్కో కాల్. మొత్తం 60 కాల్స్. కంట్రోలు రూములకు ముందే చెప్పి చేయాలి. ఎవరు ఎత్తారు, ఎన్ని సెకన్లకు ఎత్తారు, ఏ భాషలో మాట్లాడారు, బండి ఎక్కడి నుంచి పంపుతామన్నారు, ఈ నాలుగూ రాసుకుంటే ఒక్క రోజులో పటం తయారవుతుంది. టవర్లు మారతాయి గనక ఏటా ఒకసారి మళ్లీ చేయాలి.

ఫోరెన్సిక్స్‌కు చట్టమే దారి చూపింది. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో నిపుణుడు నేరస్థలానికి రావాలని 176వ సెక్షను మూడో ఉపవిభాగం అంటోంది. సొంత సదుపాయం లేకపోతే, అది ఏర్పడేదాకా వేరే రాష్ట్రపు సదుపాయాన్ని వాడుకునేలా నోటిఫై చేయాలని కూడా అక్కడే ఉంది. యానాం వరకు విశాఖపట్నం ప్రాంతీయ ల్యాబును నోటిఫై చేయండి. సీలు వేసిన పెట్టెతో పొద్దున్నే బయల్దేరిన కానిస్టేబులు సాయంత్రానికి రసీదుతో వెనక్కి వస్తాడు. తమిళనాడు మీదుగా దక్షిణానికి పంపితే దారిలోనే రెండు రోజులు, ఐసు కరిగిన పెట్టెకు బాధ్యులు ఎవరన్నది వేరే ప్రశ్న.

మనుషుల లెక్క కూడా ఈ దూరంతోనే ముడిపడింది. కాలాపేట సెంట్రల్ జైలుకు ఒక ఖైదీని తీసుకెళ్లాలంటే ఒక హెడ్ కానిస్టేబులు, ఇద్దరు కానిస్టేబుళ్లు. కాకినాడ వెళ్లి రైలెక్కి, చెన్నై దాటి, అప్పగించి తిరిగి వచ్చేసరికి మూడు రోజులు. తొమ్మిది పనిదినాలు ఒక్క ఖైదీకి. పెద్ద జిల్లాలో ఇది లెక్కలోకి రాదు, చిన్న స్టేషనులో రాత్రి గస్తీ బీటు ఖాళీ అవుతుంది. జుడీషియల్ కస్టడీ పొడిగింపునకు వీడియోలో హాజరుపరచడానికి 187వ సెక్షను ఒప్పుకుంటోంది గనక దాన్ని ఎక్కువగా వాడాలి. తప్పనిసరి ప్రయాణాలకు రిజర్వు నుంచి విడిగా ఎస్కార్టు ఇవ్వాలి. యానాంకు మంజూరైన పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని, అన్నది ప్రాంతం వారీగా ఏటా బయటపెట్టండి. పుదుచ్చేరి మొత్తం అంకెలో యానాం ఖాళీలు కనపడవు.

బదిలీల మీద ఒక్క మాట. యానాం అంటే శిక్ష పోస్టింగు అన్న పేరు శాఖలో ఉన్నంతకాలం వచ్చినవాడు మొదటి రోజు నుంచే తిరుగు రైలు లెక్కపెడతాడు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్టేషను అధికారికి కనీసం రెండేళ్లు ఉండాలంది. ఆ రెండేళ్లు ఇవ్వండి, పూర్తిచేసినవాడికి తర్వాత కోరుకున్న చోటు ఇవ్వండి. పుదుచ్చేరి అధికార భాషా చట్టం 1965లోనే యానాంలో తెలుగుకు చోటిచ్చింది. తమిళం మాతృభాష అయిన అధికారి రావడంలో తప్పేమీ లేదు. వాంగ్మూలం ఆయన ఇంగ్లీషులో సారాంశం రాసుకుని, రైటరు తెలుగులో విస్తరిస్తే మాత్రం తప్పు. సాక్షి అన్న మాట అన్నట్టు తెలుగులో పడాలి. అప్పీలు మద్రాసు హైకోర్టుకు వెళ్తుంది గనక అనువాదకుడు ఒకరు స్టేషనులోనే ఉండాలి. "తోశాడు"కూ "నెట్టేశాడు"కూ మధ్య తేడా ఒక్కోసారి సెక్షనే మారుస్తుంది.

చివరగా వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జులైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ అంకెలు ప్రకటించేది ఆంధ్ర అధికారులు, నీళ్లు వచ్చి చేరేది యానాం ఏటిగట్టు దగ్గరికి కూడా. మొదటి హెచ్చరిక సందేశం వెళ్లే జాబితాలో యానాం స్టేషను అధికారి (ఎస్‌హెచ్‌ఓ) నంబరు పేరుతో కాకుండా హోదాతో ఉండాలి. పేరుతో ఎక్కిన నంబరు బదిలీ అయిన అధికారి జేబులో మోగుతుంది. రెండో హెచ్చరికకే పల్లపు పేటల్లో మైకు తిరగాలి, వారధి మీద భారీ వాహనాలు ఎప్పుడు ఆపాలో ఎదుర్లంక వైపుతో కలిసి నిర్ణయించాలి. ఇటు ఆపి అటు వదిలితే లారీలన్నీ జాతీయ రహదారి 216 మీద వారధి నడుమ చిక్కుకుంటాయి.

2022 ఏప్రిల్ 4 దాకా అవతల ఉన్నది ఒకే జిల్లా, మాట్లాడాల్సింది కాకినాడలోని ఒకే ఎస్పీతో. ఇప్పుడు తాళ్లరేవు వైపు కాకినాడ జిల్లా, ఐ.పోలవరం వైపు కోనసీమ జిల్లా. కాగితం అవసరం అప్పటికన్నా ఇప్పుడు రెండింతలైంది. వచ్చే జూన్‌లో గోదావరికి ఎర్రనీరు తగలకముందే ముగ్గురు ఎస్పీలూ ఒకసారి యానాంలో కూర్చుంటే ముసాయిదా ఒక పూటలో అవుతుంది. సెక్షన్లు, పటం, పడవ సామాను జాబితా, ఫోను పరీక్ష పట్టిక తెలుగులో రాసి సిద్ధంగా ఉంచాం, పిలిస్తే తెచ్చి ఇస్తాం. ఈ లేఖ నకళ్లు కాకినాడ, కోనసీమ జిల్లాల ఎస్పీలకు, యానాం ప్రాంతీయ పరిపాలనాధికారికి పంపుతున్నాం.

ఇట్లు,
యానాం న్యాయవాదులు, విశ్రాంత పోలీసు ఉద్యోగులు కొందరం